కాఫే మారోన్: ఒంటరి పొదకు కాయ కాసేదాకా

క్లుప్తంగా: హిందూ మహాసముద్రంలోని రోడ్రిగ్స్ ద్వీపంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని పూలపొద కాఫే మారోన్. అది అంతరించిందని దశాబ్దాలపాటు నమ్మారు. 1980 ప్రాంతంలో ఒకే ఒక్క మొక్క కంటబడింది. దాని కొమ్మ లండన్‌లో వేళ్లు పట్టింది, పూలూ పూసింది, కానీ పదిహేడేళ్లపాటు కాయ కాయలేదు. 2003లో కాయ నిలిచాక మాత్రమే దాన్ని కాపాడే పని అసలు దారిలో పడింది. మొక్కను బతికించడానికీ జాతిని బతికించడానికీ మధ్య ఎంత దూరముందో ఈ ఉదంతం చూపుతుంది.

పేర్ల దగ్గరే మొదలయ్యే గందరగోళం

"ప్రపంచంలోకెల్లా అరుదైన పువ్వు", "చచ్చి బతికిన మొక్క" అనే శీర్షికలతో కాఫే మారోన్ కథ కొన్నేళ్లకోసారి వార్తల్లోకి వస్తూ ఉంటుంది. ఒక కథనం అంతరించిందంటుంది, మరొకటి తిరిగి దొరికిందంటుంది, ఇంకొకటి ఇప్పటికీ ఒక్కటే ఉందంటుంది. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. చిక్కు చాలావరకు పేర్లలోనే ఉంది.

1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగిపోవడాన్ని గమనించేందుకు బ్రిటిష్ బృందం ఒకటి రోడ్రిగ్స్‌కు వెళ్లింది. ఆ బృందంతో పాటు వెళ్లిన వృక్షశాస్త్రవేత్త ఐజాక్ బెయిలీ బాల్ఫోర్ ద్వీపంలోని మొక్కలను సేకరించి వర్ణించాడు. వాటిలో ఒకదానికి రాండియా హెటెరోఫిల్లా అని పేరు పెట్టాడు. రాండియా అన్న ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, తెలుగువారికి పూర్తిగా పరాయిది కాదు. మన కొండల్లో ముళ్లతో పెరిగే మంగచెట్టును కూడా శాస్త్రజ్ఞులు ఒకప్పుడు అందులోనే లెక్కవేశారు. హెటెరోఫిల్లా అంటే రకరకాల ఆకులున్నది. ఈ మాటతో తర్వాత చాలా పని ఉంది.

1982లో తిరువెంగడం, వెర్డ్‌కోర్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ మొక్కల కోసం రామోస్మానియా అనే కొత్త ప్రజాతిని ఏర్పరచారు. మారిషస్ గవర్నర్ జనరల్‌గా పనిచేసిన అబ్దుల్ రామన్ ఉస్మాన్ పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. కొత్తగా దొరికిన మొక్కను మొదట బాల్ఫోర్ చూసిన జాతే అనుకున్నారు. తర్వాత పరిశీలించి అది వేరని తేల్చి, రామోస్మానియా రోడ్రిగ్జీగా పేరు మార్చారు. అంటే అంతరించిన జాతీ ఉంది, దొరికిన జాతీ ఉంది. అవి అక్కచెల్లెళ్ల వంటివి. ఒకదాని వార్తలో మరోదాని పేరు దూరడంతో పాఠకుడికి లెక్క తప్పుతోంది.

వాడుక పేరుతోనూ చిక్కే. ఫ్రెంచి వలస ద్వీపాల్లో యజమానుల నుంచి తప్పించుకుని అడవుల్లో తలదాచుకున్న బానిసలను మారోన్‌లు అనేవారు. తోటలో కాకుండా తనంతట తాను పెరిగే మొక్కకూ అదే మాట అంటుకుంది. కాఫే మారోన్ అంటే అడవి కాఫీ. అడవి మల్లె, అడవి కాకర అన్నట్టే. కాకపోతే మన "అడవి" అన్న మాట వెనుక లేని చేదు చరిత్ర ఆ మాట వెనుక ఉంది. పొరుగునున్న రీయూనియన్ ద్వీపంలో ఇదే పేరుతో పిలిచే మొక్క మరొకటి ఉంది. అది నిజంగానే కాఫీ ప్రజాతికి చెందినది. రోడ్రిగ్స్ మొక్క మాత్రం కాఫీకి దూరపు చుట్టం. కాఫీ, మంగ, బిక్కి, నూరువరహాల మొక్క ఉన్న పెద్ద కుటుంబంలోనే ఇదీ ఉంది. ఐదు రేకులతో నక్షత్రంలా విచ్చుకునే దీని తెల్లటి పువ్వును చూస్తే ఆ చుట్టరికం తెలుస్తుంది.

మేకల దీవి

రోడ్రిగ్స్ మారిషస్ దేశంలో భాగం. మారిషస్ ప్రధాన ద్వీపానికి తూర్పుగా దాదాపు 600 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. వైశాల్యం 108 చదరపు కిలోమీటర్లు, అంటే మన మండలాల్లో చాలావాటికంటే చిన్నది. 2002 నుంచి స్వయంప్రతిపత్తి ఉంది.

మారిషస్ అనగానే తెలుగువారికి చెరకు తోటలు గుర్తుకొస్తాయి. 19వ శతాబ్దంలో కోరంగి రేవు మీదుగా ఓడలెక్కి ఒప్పంద కూలీలుగా వెళ్లినవారి సంతతి అక్కడ ఇప్పటికీ ఉగాది జరుపుకుంటుంది. ఆ రోజు దేశమంతటికీ సెలవు. రోడ్రిగ్స్ చరిత్ర వేరు. అక్కడ చెరకు పెద్దగా సాగలేదు, కాబట్టి కూలీల ఓడలు అటు మళ్లలేదు. జనాభాలో అత్యధికులు ఆఫ్రికా బానిసల సంతతికి చెందిన క్రియోల్‌లు.

ఈ తేడా అడవి నాశనమైన తీరులోనూ కనిపిస్తుంది. మారిషస్‌లో అడవిని చెరకు ఒక్కపెట్టున మింగేసింది. మంచి స్థితిలో ఉన్న సహజ అడవి అక్కడ ఇప్పుడు రెండు శాతం కూడా లేదు. రోడ్రిగ్స్‌లో అడవి పోవడానికి పెద్ద తోటలు అవసరం కాలేదు. వంటచెరకు కోసం నరకడం, కొండవాలుల్లో చిన్నచిన్న కమతాలు, అన్నిటికంటే ముఖ్యంగా విచ్చలవిడిగా మేసే మేకలు, పశువులు చాలు. చెట్టును నరికితే మోడు మీద మళ్లీ చిగురిస్తుంది. మేక మాత్రం పుట్టిన మొలకను పుట్టినచోటే కొరికేస్తుంది. పెద్ద చెట్లు ముసలివై ఒక్కొక్కటే పడిపోతుంటే వాటి చోటు నింపడానికి పిల్లచెట్లు ఉండవు. పైకి అడవి ఉన్నట్టే కనిపిస్తుంది, నిజానికి అది వారసులు లేని ఇల్లు. ఆ ఖాళీల్లోకి బయటి నుంచి తెచ్చిన మొక్కలు చొరబడ్డాయి. తుపానులు మిగతా పని పూర్తిచేశాయి.

తాబేళ్లు నడిచిన చోట

1691లో ఫ్రాన్స్వా లెగా అనే ఫ్రెంచి ప్రొటెస్టెంటు కొద్దిమంది సహచరులతో రోడ్రిగ్స్‌లో దిగి రెండేళ్లు ఉన్నాడు. అక్కడి భారీ తాబేళ్లు గుంపులు గుంపులుగా ఉండేవని, నేల మీద కాలు పెట్టకుండా వాటి వీపుల మీదుగానే వందకు పైగా అడుగులు వేయవచ్చని రాశాడు. డోడోకు దగ్గరి బంధువైన సాలిటేర్ అనే ఎగరలేని పక్షినీ వర్ణించాడు. సుమారు నూరేళ్లు గడిచేసరికి రెండూ లేవు. తాబేళ్లను మాంసం కోసం వేల సంఖ్యలో ఓడలకెత్తి మారిషస్‌కు తరలించారు.

పొద కథలో తాబేళ్ల ప్రసక్తి ఎందుకన్న సందేహం సహజం. జవాబు ఆకుల్లో ఉంది.

కాఫే మారోన్ పిల్లమొక్కను, పెరిగిన మొక్కను పక్కపక్కన పెడితే రెండూ ఒకే జాతివంటే నమ్మడం కష్టం. పిల్లమొక్క ఆకులు సన్నగా, రిబ్బను ముక్కల్లా పొడవుగా వేలాడుతాయి. రంగు మచ్చలు పడిన గోధుమ రంగు, మధ్య ఈనె మాత్రం కొంచెం గులాబీ ఛాయలో ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఎండిన పుల్లకు ఎండుటాకులు తగిలించినట్టు ఉంటుంది. మొక్క ఒక ఎత్తుకు చేరాక పైన వచ్చే ఆకులు పూర్తిగా మారిపోతాయి. పచ్చగా, నిగనిగలాడుతూ, కోలగా, మామూలు పొద ఆకుల్లాగే ఉంటాయి.

ఇలా వయసును బట్టి ఆకులు మారే మొక్కలు ఆ ద్వీపాల్లో ఒకటీ రెండూ కాదు, చాలా ఉన్నాయి. దీనికి శాస్త్రవేత్తలు చెప్పే వివరణ తాబేళ్లే. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు ఎండినదానిలా కనిపిస్తే తాబేలు పట్టించుకోదు. దాని మెడ అందని ఎత్తుకు చేరాక ఇక దాగవలసిన పని లేదు, వెలుగును బాగా పట్టే వెడల్పాటి పచ్చని ఆకులు వేయవచ్చు. ఇలా ఆకులు మార్చే ద్వీప మొక్కల రెండు రకాల ఆకులనూ హిందూ మహాసముద్రంలోని మరో దీవి ఆల్డాబ్రాకు చెందిన భారీ తాబేళ్లకు పెట్టి చూసిన పరిశోధన ఒకటి 2004లో వెలువడింది. తాబేళ్లు ముదురు దశ ఆకులవైపే మొగ్గుచూపాయి. వివరణకు అది బలం చేకూర్చింది.

తాబేలు కంటిని తప్పించుకునేందుకు లక్షల ఏళ్లలో తయారైన ఈ వేషం మేక ముందు పనిచేయలేదు. మేక ముందు కాళ్లెత్తి కొమ్మలను వంచుతుంది. తాబేలుకు అందని ఎత్తు మేకకు అందుతుంది. శత్రువు పోయినా కవచం మిగిలింది, వచ్చిన కొత్త శత్రువుకు ఆ కవచం అడ్డే కాలేదు.

దొరికాక మొదలైన ముప్పు

1979–80 నాటికి కాఫే మారోన్ పాత బొమ్మల్లోనే ఉన్న మొక్క. ద్వీపంలోని ఒక బడిలో టీచరు అరుదైన స్థానిక మొక్కల బొమ్మలు చూపించి ఇలాంటివి ఎక్కడైనా కనబడితే తెమ్మన్నారు. ఒక పిల్లవాడు ఇలాంటిది తమ ఇంటి దగ్గర ఉందన్నాడు. కొమ్మను పంపి చూపిస్తే అది కాఫే మారోనే అని తేలింది. రోడ్డు వార, మేకలు కొరికి, పురుగు పట్టి, గిడసబారిన ఒక పొద. శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా లేదనుకున్నది ఆ చుట్టుపక్కలవారి కళ్ల ముందే ఉందన్నమాట. అంతరించిందని ప్రకటించడమంటే వెతికినవారికి దొరకలేదని చెప్పడమే తప్ప అంతకు మించి కాదని ఇలాంటి ఉదంతాలు గుర్తుచేస్తాయి.

విషయం పొక్కగానే మరో చిక్కు వచ్చిపడింది. ఈ మొక్క ఆకు, బెరడు లైంగిక వ్యాధులకు మందని, తాగిన మర్నాటి తలనొప్పిని తగ్గిస్తుందని స్థానికుల నమ్మకం. అదెక్కడుందో అప్పటిదాకా పెద్దగా ఎవరికీ తెలియదు. తెలిసిన తర్వాత జనం వచ్చి కొమ్మలు విరవడం మొదలుపెట్టారు. కంచె వేశారు. కంచె వేశారంటేనే లోపల విలువైనదేదో ఉందన్న మాట, కాబట్టి కంచె దాటి వచ్చారు. మరో కంచె వేశారు, కాపలా పెట్టారు. అరుదైనదన్న పేరే దానికి గండమైంది.

ఈ పోకడ ఆ ద్వీపానికే పరిమితం కాదు. శేషాచలం కొండల్లోనూ ఆ చుట్టుపక్కలా మాత్రమే పెరిగే పేరీత అనే మొక్కకు శాస్త్రనామం సైకస్ బెడ్డోమీ. నిజానికి అది పూలమొక్క కాదు, పూలు పుట్టకముందరి పాత వంశానికి చెందినది. పూలకు బదులు కంకుల్లాంటి శంకువులు వేస్తుంది. మగ శంకువులు బలానికి మందని పేరు పడటంతో, విత్తనం పట్టడానికి పుప్పొడినివ్వవలసిన శంకువులే కోతకు గురవుతూ వచ్చాయి. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో దీన్ని అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చారు. మందుగా వాడేది ఆకైతే మొక్క మళ్లీ చిగురించవచ్చు. పునరుత్పత్తి భాగమే మందైతే నష్టం తర్వాతి తరం మీద పడుతుంది.

కొమ్మ వేరు పట్టింది, కాయ మాత్రం లేదు

1986లో రోడ్రిగ్స్ మొక్క నుంచి కొమ్మ ముక్కలు కోసి విమానంలో లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే వృక్షోద్యానానికి హుటాహుటిన పంపారు. వాటిలో ఒకటి వేళ్లు పట్టింది. దాన్నుంచి మరికొన్ని మొక్కలు లేచాయి. అద్దాల ఇంట్లో అవి పెరిగాయి, ఏడాదిలో చాలాకాలం పూస్తూనే ఉన్నాయి. ఇక గండం గడిచిందనిపించే దశ ఇదే.

గడవలేదు. కొమ్మ నాటి లేపిన మొక్క కొత్త మొక్క కాదు. కడియం నర్సరీలో గులాబీ కొమ్మలు వంద నాటితే వంద సంచుల్లో వంద మొక్కలు కనిపిస్తాయి. జన్యువుల లెక్కలో అవన్నీ ఒకే మొక్క. తల్లిమొక్కకు ఏ తెగులు తట్టుకునే శక్తి లేదో అన్నిటికీ అదే లేదు. వ్యాపారానికి ఆ ఒకేరకపుతనమే లాభం. జాతిని కాపాడాలన్నప్పుడు అదే ప్రమాదం. ఒక తెగులు వస్తే అన్నీ ఒకేసారి పోవచ్చు. అడవిలో తిరిగి నాటితే తమంతట తాము పిల్లలు పెట్టవు, ప్రతి తరానికీ తోటమాలి చేయి కావలసిందే.

కాబట్టి కాయ కాయాలి. కాయడం లేదు. పుప్పొడి ఉంది, దాన్ని కీలాగ్రం, అంటే పువ్వు ఆడభాగపు కొన, మీద అద్దారు. అయినా పువ్వు రాలిపోతోంది. మామూలుగా పుప్పొడి రేణువు కీలాగ్రం మీద పడగానే మొలకెత్తినట్టు సన్నటి నాళాన్ని పంపిస్తుంది. ఆ నాళం కీలం గుండా దిగి అండాశయాన్ని చేరితే ఫలదీకరణం జరుగుతుంది. చాలా మొక్కల్లో ఈ దారి మధ్యలో ఒక కాపలా ఉంటుంది. తన పుప్పొడినే తనకు తగలనివ్వకుండా, బయటి పుప్పొడినే రానిచ్చేలా అది పనిచేస్తుంది. పక్కన నూరు పొదలున్నప్పుడు దీనివల్ల లాభమే, మేనరికపు దోషాలు చేరవు. లోకంలో తానొక్కతే మిగిలినప్పుడు అదే ఏర్పాటు మెడకు ఉరి అవుతుంది. మొక్కకు ఆ సంగతి తెలియదు.

కత్తి కొనతో దొరికిన దారి

క్యూ గార్డెన్స్‌లో ఉద్యానవేత్తగా చేరిన స్పెయిన్ దేశస్థుడు కార్లోస్ మాగ్దలేనా 2003లో ఈ చిక్కు మీద పట్టుబట్టి కూర్చున్నాడు. ఒకటి కాదు, వందలాది పూల మీద ప్రయత్నాలు చేశాడు. కాపలా కీలాగ్రం దగ్గరుంటే కీలాగ్రాన్నే తీసేస్తే సరిపోతుందన్నది ఆలోచన. పదునైన కత్తితో దాని కొనను కోసి, గాయం మీదే పుప్పొడిని నేరుగా పెట్టాడు. నాళం దిగవలసిన దూరమూ తగ్గింది. అద్దాల ఇంట్లో మొక్క ఉన్న చోటు, అక్కడి వేడి, వెలుతురు కూడా ఫలితాన్ని మారుస్తున్నాయని గమనించి వాటినీ సరిచేశాడు. చివరికి ఒక కాయ నిలిచింది. అందులో విత్తనాలున్నాయి.

ఇందులో ఏ భాగం వల్ల ఎంత మేలు జరిగిందో విడదీసి చెప్పడం తేలిక కాదు. కోత వల్లనా, వేడి వల్లనా అన్న ప్రశ్న శాస్త్రానికి ముఖ్యమే. ఉన్నది ఒక్క మొక్కైనప్పుడు మాత్రం అన్నీ ఒకేసారి చేసి చూడటమే తెలివైన పని.

విత్తనాల నుంచి వచ్చిన మొక్కలు మరో సంగతిని బయటపెట్టాయి. అవన్నీ తల్లిలా లేవు. కొన్నింటి పూల నిర్మాణమే తేడాగా ఉంది, అవి ఆడపూల తీరులో పనిచేస్తూ తేలికగా కాయలు నిలుపుకున్నాయి. అంటే రోడ్డు వార మిగిలిన ఆ ఒక్క మొక్క చూడటానికి రెండు భాగాలూ ఉన్న పువ్వులు పూస్తున్నా ఆచరణలో మగమొక్కలా ప్రవర్తిస్తూ వచ్చింది. పదిహేడేళ్లు కాయ రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఒకే మొక్కకు పుట్టిన విత్తనాల్లో అంత తేడా ఎలా వచ్చిందంటే, సాధారణంగా మొక్కల్లో ప్రతి జన్యువుకు రెండు ప్రతులుంటాయి. అవి ఒకేలా ఉండనక్కర్లేదు. విత్తనం తయారయ్యేటప్పుడు అవి పేకముక్కల్లా కలిసి కొత్తగా పంపిణీ అవుతాయి. బయటకు కనిపించకుండా దాగి ఉన్న గుణం ఒక పిల్లలో పైకి తేలవచ్చు. కొమ్మ నాటినప్పుడు ముక్కలు కలపడమే ఉండదు, అదే పంపకం మళ్లీ మళ్లీ. అయితే ఎంత కలిపినా కట్టలో లేని ముక్క చేతికి రాదు. మేకలు తినేసిన పొదల్లో ఉండిన వైవిధ్యంలో ఈ ఒక్క మొక్క మోసుకొచ్చినంతే మిగిలింది.

జోడు దొరకనివి, చోటు దొరకనివి

మారిషస్‌లోని క్యూరెపీప్ వృక్షోద్యానంలో హయోఫోర్బే అమారికౌలిస్ అనే తాటి కుటుంబపు చెట్టు ఉంది. ఆ జాతి మొత్తానికి అదొక్కటే మిగిలింది. దానికి మగపూలూ ఆడపూలూ రెండూ వస్తాయి గానీ ఒకే సమయంలో విచ్చుకోవు. ఆడపూలు సిద్ధమయ్యేసరికి మగపూల కాలం అయిపోతుంది. ఈ చెట్టుకు కొమ్మలుండవు కనుక కొమ్మ నాటే దారీ లేదు. ప్రయోగశాలలో పిండం నుంచి పిల్లమొక్కలు లేపే ప్రయత్నాలు జరిగాయి, అవి సీసా దాటి నేలలో నిలవలేదు.

దక్షిణాఫ్రికాలో 1895లో దొరికిన ఎన్‌సెఫలార్టోస్ వుడీ అనే సైకస్ బంధువుది ఇంకో స్థితి. దొరికినవన్నీ మగమొక్కలే. పిలకల ద్వారా ప్రపంచమంతా ఉద్యానాల్లో వందల సంఖ్యలో ఉన్నా, ఆడమొక్క ఒక్కటీ ఇప్పటిదాకా కనబడలేదు.

అమెరికాలోని జార్జియాలో ఆల్టమహా నది ఒడ్డున 1765లో బార్ట్రమ్ తండ్రీకొడుకులు చూసిన ఫ్రాంక్లీనియా అనే పూలచెట్టు తీరు వేరు. 1803 తర్వాత దాన్ని అడవిలో చూసినవారు లేరు. బార్ట్రమ్‌లు తెచ్చుకున్న విత్తనాల సంతానం తోటల్లో విత్తనం పట్టి హాయిగా పెరుగుతోంది. దానికి జోడు సమస్య లేదు. లేనిది తిరిగి వెళ్లడానికి అడవిలో చోటు.

వందల సంఖ్యలో ఉన్నా వుడీ భవిష్యత్తు మూసుకుపోయి ఉంది. ఒక్క మొక్కతో మొదలైన కాఫే మారోన్‌కు దారి తెరుచుకుంది. ఎన్ని మిగిలాయన్న లెక్క పత్రికల శీర్షికకు బాగుంటుంది, అసలు విషయాన్ని మాత్రం చెప్పదు.

తిరిగి ఇంటికి

క్యూ గార్డెన్స్‌లో పెరిగిన విత్తనాలు, మొక్కలు తర్వాతి సంవత్సరాల్లో రోడ్రిగ్స్‌కు చేరాయి. అక్కడ గ్రాండ్ మాంటాన్ రక్షిత ప్రాంతంలో మారిషస్ వన్యప్రాణి ఫౌండేషన్ బయటి మొక్కలను పీకేసి, కంచె లోపల స్థానిక మొక్కలు నాటే పని చాలాకాలంగా చేస్తోంది. పశువులు రాకుండా చూస్తే స్థానిక అడవి నిలదొక్కుకోగలదన్నది ఈ పని వెనుక లెక్క. ద్వీపంలో ఇలాంటి ఆశకు ఆధారం ఉంది. 1970లలో వందలోపుకు పడిపోయిన రోడ్రిగ్స్ గబ్బిలాలు చెట్లు పెరిగిన కొద్దీ ఇప్పుడు వేలల్లో ఉన్నాయి.

అయితే గబ్బిలం ఎగిరి తన చెట్టును తాను వెతుక్కుంటుంది. పొద వెతుక్కోలేదు. దాని కాయను తిని మరోచోట విత్తనం వదిలే జంతువు కావాలి. ఆ పని ఒకప్పుడు తాబేళ్లు చేసి ఉండవచ్చు. రోడ్రిగ్స్ తాబేళ్లు ఇక రావు కనుక, వాటి స్థానంలో ఆల్డాబ్రా తాబేళ్లను వదిలే ప్రయోగాలు ఈ ద్వీపాల్లో జరుగుతున్నాయి. మారిషస్ తీరంలోని ఇల్-ఓ-ఎగ్రెట్ అనే చిన్న దీవిలో అవి స్థానిక నల్లచేవ చెట్టు కాయలను తిని విత్తనాలను దూరంగా చేరవేస్తున్నాయి. వాటి కడుపులోంచి వచ్చిన విత్తనం బాగా మొలుస్తోందని కూడా తేలింది. రోడ్రిగ్స్‌లో 2007లో లెగా పేరిట ఏర్పడిన తాబేళ్ల రక్షిత ప్రాంతంలో ఇప్పుడు ఆల్డాబ్రా తాబేళ్లు స్థానిక మొక్కల నడుమ తిరుగుతున్నాయి.

కాఫే మారోన్ ఇప్పటికీ అతి తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోనే ఉంది. తోటమాలి విత్తిన విత్తనం మొలవడం ఒక మెట్టు. ఎవరూ విత్తకుండా, కంచె లోపల నేల మీద పడిన కాయ నుంచి గోధుమరంగు రిబ్బను ఆకులతో ఒక మొలక లేచి, పచ్చని ఆకులు వేసే ఎత్తుకు పెరగడం తర్వాతి మెట్టు.